కొత్త ఉద్యోగి సంతకాలు: మాట ఇచ్చేది అతను, జవాబు చెప్పేది యజమాని

ఐదు నెలల్లోపే రెండు పెద్ద మార్పులు వచ్చి పడటంతో చిన్న ఆఫీసుల్లో గందరగోళం మొదలైంది. 29 పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం పోయి, దాని స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. ఇక వాట్సాప్ గ్రూపుల సంగతి చెప్పక్కర్లేదు. బేసిక్ సగం పెట్టకపోతే కేసేనట, చేతికొచ్చే జీతం తగ్గిపోతుందట, సెక్షన్లన్నీ మారాయి కాబట్టి పాత డిక్లరేషన్లు చెల్లవట. ఒకడు ‘అట’ అంటాడు, ఇంకొకడు దాన్ని ఖాయం చేసి పది మందికి పంపిస్తాడు.

ముందు ఆఖరి భయం తీర్చుకుందాం. పన్ను చట్టంలో నంబర్లు మారిన మాట నిజమే. జీతం మీద టీడీఎస్ (చేతికిచ్చే ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయమని చెప్పే 192వ సెక్షన్ కొత్త చట్టంలో 392 అయింది. కోసే పద్ధతి మాత్రం అదే: ఏడాది జీతం అంచనా వేయాలి, దాని మీద పన్ను లెక్కగట్టాలి, నెలనెలా కొంత కోయాలి. అందుకే ఈ వ్యాసంలో సెక్షన్లకూ, ఫారాలకూ అందరి నోట్లో నానిన పాత నంబర్లనే వాడుతున్నాను.

కొత్త ఉద్యోగి మొదటి రోజు సంతకం పెట్టి ఇచ్చే కాగితాల్లో చాలావరకు అతను తన గురించి తాను చెప్పుకునే మాటలే. నా పాన్ ఇది, నేను ఈ పన్ను విధానంలో ఉంటాను, ఇంతకుముందు ఫలానా చోట ఇంత సంపాదించాను, నాకు పీఎఫ్ ఖాతా ఉంది లేదా లేదు అని. ఆ మాటను నమ్మి లెక్క వేసి, కోసి, కట్టాల్సింది యజమాని. మాట తప్పని తేలితే నష్టం ఎవరి మీద పడుతుందన్నది మాత్రం కాగితానికో రకంగా ఉంటుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లే అందరూ అన్నింటికీ ఒకేలా భయపడుతున్నారు.

ఒకే జీతం మీద నాలుగు ఆఫీసుల కన్ను

నలభై వేల జీతం యజమానికి ఒకటే అంకె. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే దాని మీద నాలుగు ఆఫీసులకు హక్కుంది. ఆదాయపు పన్ను శాఖ టీడీఎస్ అడుగుతుంది. దానికి యజమాని దగ్గర టాన్ అనే పది అక్షరాల నంబర్ ఉండాలి. ఇది పాన్ కాదు, పన్ను కోసేవారికి ఇచ్చే వేరే నంబర్. ఈపీఎఫ్‌ఓ (భవిష్యనిధి సంస్థ) పీఎఫ్ అడుగుతుంది, 20 మంది ఉన్న సంస్థ నుంచి ఇది తప్పనిసరి. ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) 10 మంది నుంచి మొదలవుతుంది. నాలుగోది రాష్ట్ర ప్రభుత్వపు వృత్తి పన్ను.

అసలు చిక్కెక్కడంటే, ఈ నలుగురూ ‘జీతం’ అనే మాటకు ఒకే అర్థం చెప్పరు. పన్ను శాఖకు జీతమంటే దాదాపు వచ్చిందంతా. పీఎఫ్‌కు ఇన్నాళ్లూ బేసిక్, డీఏ, వాటితో పాటు అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులు. ఈఎస్‌ఐ వాళ్లు ఇన్నాళ్లూ ఇంటద్దె అలవెన్సును కూడా కలిపే చూశారు. వృత్తి పన్నుకు నెల జీతం ఏ స్లాబులో పడిందన్నదే లెక్క. పే స్లిప్‌లో నాలుగు కోతలు నాలుగు వేర్వేరు అంకెల మీద పడితే, అది అకౌంటెంట్ పొరపాటు కానక్కర్లేదు.

అపాయింట్‌మెంట్ లెటర్: నిన్నటిదాకా మర్యాద, ఇప్పుడు చట్టం

ఆఫర్ లెటర్, అపాయింట్‌మెంట్ లెటర్ ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఆఫర్ లెటర్ అంటే ‘వస్తే ఇంత ఇస్తాం’ అనే మాట. అపాయింట్‌మెంట్ లెటర్ అంటే ‘ఈ తేదీన, ఈ హోదాలో, ఈ జీతానికి చేరారు’ అనే రుజువు. మన దగ్గర షాపులు, చిన్న ఆసుపత్రులు, ప్రైవేటు స్కూళ్లలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల దగ్గర కూడా ఈ రెండూ ఉండవు. నోటి మాట మీద చేరతారు, నోటి మాట మీదే పోతారు.

వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం యజమాని విధి. కోడ్ వచ్చేనాటికే పనిలో ఉండి, లెటర్ లేనివాళ్లకు మూడు నెలల్లో ఇవ్వాలన్నారు. ప్రభుత్వ ప్రకటనల్లో ‘కార్మికులందరికీ’ అని కనిపిస్తుంది గానీ, ఆ కోడ్ పరిధి సాధారణంగా పదిమంది లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న సంస్థలు. ముగ్గురితో నడిచే జిరాక్స్ షాపుకీ, మూడొందల మందితో నడిచే కంపెనీకీ ఒకే రూలు అన్నట్టు ప్రచారం చేయడం సరికాదు. అయినా ముగ్గురున్న చోట కూడా లెటర్ ఇవ్వడం యజమానికే మంచిది. రేపు జీతం ఎంత, చేరింది ఎప్పుడు అనే తగాదా వస్తే చూపించడానికి అదొక్కటే ఉంటుంది.

లెటర్‌లో ఉద్యోగి తప్పక చదవాల్సింది సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) కింద రాసిన విడి లెక్క. ఏటా 4,80,000 సీటీసీ అంటే నెలకు 40,000 చేతికొస్తుందని కాదు. అందులో యజమాని కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) అంచనా, ఇన్సూరెన్స్ ప్రీమియం అన్నీ కలిపి ఉండొచ్చు. బాండ్ షరతు కూడా ఇక్కడే దాక్కుంటుంది. ఇన్నేళ్లు పనిచేయాలి, ముందే మానేస్తే ఇంత కట్టాలి అనే షరతును ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. అక్కడ మొత్తం 2 లక్షలు. ఆ తీర్పు ప్రభుత్వరంగ బ్యాంకు నియామకాల ఖర్చు, పద్ధతి చూసి ఇచ్చింది. ప్రతి కంపెనీ రాసుకున్న ప్రతి బాండూ చెల్లుతుందని దాని అర్థం కాదు.

ఇంటిపేరు ముందా, వెనకా? పాన్, ఆధార్, మెమో కలవకపోతే

తెలుగువాళ్ల కాగితాల్లో మిగతా అన్నింటికంటే ఎక్కువ సతాయించేది ఇదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. ఆధార్‌లో పొడి అక్షరంగా మారుతుంది. పాన్‌లో అదే ఇంటిపేరు చివరికి వెళ్తుంది. బ్యాంకులో ఇంకో రకం. ఇక పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ల సంగతైతే నాలుగు కాగితాల్లో నాలుగు పేర్లే. చూసే మనిషికి నలుగురూ ఒకరేనని తెలుసు. సర్వర్‌కు తెలియదు. పుట్టిన తేదీదీ అదే కథ. స్కూల్లో వేయించిన తేదీ ఒకటి, ఆధార్‌లో పడింది ఇంకొకటి.

పాన్, ఆధార్ లింక్ కాకపోతే 2023 జులై 1 నుంచి ఆ పాన్ పనిచేయనిదిగా లెక్క. అంటే పాన్ ఇవ్వనట్టే. అప్పుడు పన్ను పడే ఆదాయం ఉన్నవాళ్ల జీతం మీద కనీసం 20 శాతం కోయాలి. తేడా ఎంతో చూద్దాం. ఒకరి ఏడాది జీతం 15 లక్షలు అనుకుందాం, కొత్త పన్ను విధానం (రేట్లు తక్కువ, మినహాయింపులు కొన్నే). జీతం ఉన్నవాళ్లందరికీ ఇచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 14,25,000. 2025-26 స్లాబుల ప్రకారం 4 లక్షల దాకా ఏమీ లేదు, ఆపై 8 లక్షల దాకా 5 శాతం, 12 లక్షల దాకా 10 శాతం, 16 లక్షల దాకా 15 శాతం. పన్ను 93,750, సెస్‌తో 97,500. అదే పాన్ పనిచేయకపోతే కోత 2,85,000. అదనంగా పోయింది రిటర్న్ వేసి రీఫండ్‌గా తెచ్చుకోవాలి. రీఫండ్ చేతికి రావాలంటే ముందు ఆ పాన్‌ను బాగుచేసుకోవాలి.

ఇక్కడ నష్టం ఉద్యోగిదే గానీ బాధ్యత యజమానిది కూడా. పాన్ పనిచేయడం లేదని తెలియక మామూలు రేటులో కోస్తే, తక్కువ కోశావంటూ నోటీసు వచ్చేది యజమానికి. అందుకే జిరాక్స్ తీసుకుని ఫైల్లో పెట్టడం వేరు, పోర్టల్‌లో పాన్ స్థితి చూసుకోవడం వేరు.

పీఎఫ్ వైపు కొంత ఊరట ఉంది. ఆధార్‌తో సరిచూసిన యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబర్) 2017 అక్టోబర్ 1న లేదా ఆ తర్వాత జారీ అయినదైతే, పేరు, పుట్టిన తేదీ వంటివి యజమాని సంతకం లేకుండా ఉద్యోగే ఆన్‌లైన్‌లో సరిచేసుకునే వీలును ఈపీఎఫ్‌ఓ 2025 జనవరిలో ఇచ్చింది. అంతకు ముందు నాటి యూఏఎన్ అయితే పాత కంపెనీ ఎక్కడుందో వెతుక్కుంటూ పోవాల్సిన పరిస్థితి ఇప్పటికీ ఉంటుంది.

కొత్త విధానమా, పాత విధానమా: అడగడం యజమాని పని

2023-24 నుంచి కొత్త పన్ను విధానమే డిఫాల్ట్. ఉద్యోగి ఏమీ చెప్పకపోతే కొత్త విధానంలోనే లెక్కగట్టాలి. కానీ అడగకుండా ఊరుకోకూడదు. ప్రతి ఉద్యోగినీ ఏ విధానం కావాలో అడిగి తెలుసుకోవాలని ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) 2023 ఏప్రిల్ సర్క్యులర్ చెబుతోంది. ఆ సర్క్యులర్‌లో చాలామంది చూడని ఒక వాక్యం ఉంది: ఉద్యోగి యజమానికి చెప్పింది టీడీఎస్ కోసమే. రిటర్న్ వేసేటప్పుడు అతను మరో విధానానికి మారొచ్చు. జాయినింగ్ రోజు పెట్టిన టిక్కు శిలాశాసనం కాదు. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లకు మాత్రం ఇష్టం వచ్చినప్పుడల్లా అటూ ఇటూ మారడం కుదరదు.

పాత విధానం ఎంచుకున్నవాళ్లకే ఫారం 12 బీబీతో పని. ఇంటద్దె, ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ భత్యం), ఇంటి రుణం వడ్డీ, 80 సీ పొదుపులు దీన్లో చూపించాలి. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి ఓనర్ పాన్ ఇవ్వాలి. ఈ రుజువుల నిబంధనకో చరిత్ర ఉంది. ఎల్‌టీసీ డబ్బు ఉద్యోగి నిజంగా ప్రయాణానికే ఖర్చు పెట్టాడా అన్నదానికి రుజువులు పోగుచేయాల్సిన బాధ్యత యజమానికి లేదని 2009లో లార్సెన్ అండ్ టూబ్రో కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ తర్వాత 2015లో చట్టం మార్చి రుజువు తీసుకోవాల్సిందేనన్నారు. 2016 జూన్ నుంచి 12 బీబీ వచ్చింది. అంటే ‘ఉద్యోగి చెప్పాడు, నేను రాసుకున్నాను’ అనే జవాబు ఒకప్పుడు సరిపోయేది, ఇప్పుడు సరిపోదు. మరోవైపు, రసీదు తీసుకుని పెట్టుకున్న యజమాని ఆ ఇంట్లో నిజంగా ఎవరుంటున్నారో వెళ్లి చూడక్కర్లేదు. దొంగ రసీదు ఇస్తే పెనాల్టీ ఉద్యోగికే. 2025 జులైలో బూటకపు మినహాయింపులు వేయించే ఏజెంట్ల మీద పన్ను శాఖ దేశమంతటా తనిఖీలు చేసింది కూడా.

అసలు చాలామందికి ఆ శ్రమ అవసరమే లేదు. ఏడాది జీతం 10 లక్షలు అనుకుందాం. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. పాత విధానంలో 50,000 స్టాండర్డ్ డిడక్షన్, లక్షన్నర 80 సీ, లక్ష ఇంటద్దె మినహాయింపు తీసుకున్నా 7 లక్షలు మిగులుతుంది, సెస్‌తో పన్ను 54,600. ఇంకా పాత అలవాటుతో ‘ఎల్‌ఐసీ రసీదులు తెచ్చావా’ అని మార్చిలో అడిగే ఆఫీసులున్నాయి. 12,75,000 దాకా జీతమే తప్ప మరో ఆదాయం లేనివాళ్లకు ఆ రసీదుల వల్ల టీడీఎస్‌లో ఒక్క రూపాయి కూడా కలిసిరాదు.

ఏడాది మధ్యలో చేరితే: ఎవరూ కోయని 92,820

కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి అంకెలతో నిదానంగా చూద్దాం.

ఒక అమ్మాయి ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా నెలకు 1,05,000 జీతానికి పనిచేసింది. అక్టోబర్‌లో 1,40,000కు వేరే కంపెనీలో చేరింది. కొత్త పన్ను విధానమే.

మొదటి కంపెనీ ఏప్రిల్‌లో ఏడాది మొత్తానికి అంచనా వేస్తుంది: 12,60,000. స్టాండర్డ్ డిడక్షన్ పోను 11,85,000. 12 లక్షల లోపే కాబట్టి పన్ను లేదు, కోత లేదు. రెండో కంపెనీ తాను ఇవ్వబోయే ఆరు నెలల జీతం మాత్రమే చూస్తుంది: 8,40,000. డిడక్షన్ పోను 7,65,000. మళ్లీ పన్ను లేదు, కోత లేదు. రెండు కంపెనీలూ తమకు తెలిసినంతలో సరిగ్గానే లెక్క వేశాయి.

కానీ ఆ ఏడాది ఆమె అసలు జీతం 14,70,000. స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే ఇస్తారు, రెండు చోట్లా రెండుసార్లు కాదు. మిగిలేది 13,95,000. దాని మీద పన్ను 20,000, 40,000, 29,250 కలిపి 89,250. సెస్ 3,570. మొత్తం 92,820. ఇది జులైలో రిటర్న్ వేసేటప్పుడు, వడ్డీతో సహా, ఒక్కసారిగా కనిపిస్తుంది. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. ‘నా కంపెనీ ఎందుకు కోయలేదు’ అని హెచ్‌ఆర్ మీద మండిపడతారు.

ఈ పరిస్థితి కోసం ఉన్నదే ఫారం 12 బీ. ఏడాది మధ్యలో చేరిన ఉద్యోగి పాత కంపెనీ ఇచ్చిన జీతం, అక్కడ కోసిన పన్ను వివరాలు కొత్త యజమానికి రాసిచ్చే కాగితం ఇది. అక్టోబర్‌లో ఇచ్చి ఉంటే 92,820ని ఆరు నెలలకు పంచి నెలకు 15,470 కోసేవాళ్లు. ఇవ్వడం ఉద్యోగి వంతు. ఇచ్చాక దాన్ని కలిపి లెక్కగట్టడం యజమాని బాధ్యత. ఇవ్వకపోతే పాత జీతం సంగతి కొత్త యజమాని మీదికి రాదు.

చాలామంది కావాలనే ఇవ్వరు. పాత జీతం ఎంతో కొత్త కంపెనీకి తెలియడం ఇష్టం ఉండదు, ఇంటర్వ్యూలో కాస్త పెంచి చెప్పి ఉంటారు. తప్పు పట్టలేం గానీ, అలాంటప్పుడు ఆ పన్నును అడ్వాన్స్ ట్యాక్స్‌గా తామే కట్టుకోవాలి. ఇంకో సంగతి: ఎఫ్‌డీ వడ్డీ మీద బ్యాంకు కోసిన టీడీఎస్, విదేశీ ప్రయాణం లాంటివాటి మీద వసూలు చేసిన టీసీఎస్ ఉంటే, వాటిని ఫారం 12 బీఏఏలో చూపి జీతంలో కోత తగ్గించుకునే వీలు 2024 అక్టోబర్ నుంచి ఉంది.

పీఎఫ్ ఫారం 11లో ఒక్క టిక్కు

ఫారం 11 అడిగేది చిన్న ప్రశ్న: ఇంతకుముందు పీఎఫ్, పెన్షన్ పథకాల్లో ఉన్నారా? దీని జవాబు మీద ఏళ్ల తరబడి డబ్బు ఎటు వెళ్తుందో ఆధారపడి ఉంటుంది.

మామూలు లెక్క ఇది. ఉద్యోగి వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం. యజమాని వాటాలోంచి 8.33 శాతం పెన్షన్ ఖాతాకు, మిగతాది పీఎఫ్‌కు. 2014 సెప్టెంబర్ నుంచి జీతం పరిమితి 15,000, కాబట్టి పెన్షన్‌కు వెళ్లేది మామూలుగా నెలకు 1,250 మించదు. ఇప్పుడు బేసిక్ 25,000తో ఇద్దరు చేరారనుకుందాం. ఒకరికి ఇదే మొదటి ఉద్యోగం. జీతం పరిమితికి పైన ఉంది కాబట్టి పీఎఫ్‌లో చేరకుండా ఉండొచ్చు. చేరినా పెన్షన్ పథకంలోకి రారు, మొత్తం 24 శాతం పీఎఫ్ ఖాతాకే వెళ్లాలి. రెండోవారు పాత కంపెనీలో పీఎఫ్, పెన్షన్ సభ్యులు, ఆ ఖాతా ఇంకా నడుస్తోంది. వాళ్లు బయట ఉండటానికి లేదు, పెన్షన్ వాటా కూడా కొనసాగుతుంది. మొదటివారికి అలవాటుగా 1,250 పెన్షన్‌కు పంపే ఆఫీసులు చాలానే. ఏళ్ల తర్వాత డబ్బు తీసుకోబోతే అక్కడ ఆగిపోతుంది.

యూఏఎన్ లేనివాళ్లకు ఇదివరకు యజమానే తీయించేవాడు. 2025 ఆగస్టు 1 నుంచి ఉద్యోగి తన ఫోన్‌లో ప్రభుత్వ ఉమాంగ్ యాప్ ద్వారా ముఖం చూపించి తీసుకోవాలి. అదే తేదీన మొదలైన ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన వల్ల దీనికి ఇంకాస్త విలువ వచ్చింది. 2027 జులై 31 దాకా మొదటిసారి ఉద్యోగంలో చేరే, నెలకు లక్షలోపు జీతం ఉన్నవాళ్లకు రెండు విడతల్లో 15,000 వరకు వస్తుంది. యజమానికి అదనంగా పెట్టుకున్న ఒక్కొక్కరికీ నెలకు 3,000 వరకు వస్తుంది. 50 మంది లోపున్న సంస్థ కనీసం ఇద్దరిని, అంతకంటే పెద్దదైతే ఐదుగురిని అదనంగా తీసుకుని ఆరు నెలలు నిలపాలి.

ఈఎస్‌ఐలో తికమక జీతం పెరిగినప్పుడు వస్తుంది. పరిమితి 21,000. ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం. మే నెలలో 20,500 ఉన్నవాళ్లకు జులైలో 22,000 అయిందని వెంటనే తీసేయకూడదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక చందా కాలం, అక్టోబర్ నుంచి మార్చి దాకా ఇంకొకటి. సెప్టెంబర్ అయ్యేదాకా 22,000 మీదే కట్టాలి: ఉద్యోగి 165, యజమాని 715.

వృత్తి పన్ను మాత్రం తేలిక. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింట్లోనూ 15,000 దాకా లేదు, 20,000 దాకా నెలకు 150, ఆపైన 200. రాజ్యాంగం 276వ అధికరణం ఏడాదికి 2,500 మించి వసూలు చేయొద్దంది కాబట్టి ఇది పెద్దగా పెరిగే అవకాశం కూడా లేదు.

బేసిక్ సగం ఉండాలన్న మాటలో నిజమెంత

కొత్త వేతనాల కోడ్‌లో ‘బేసిక్ 50 శాతం ఉండాలి’ అని ఎక్కడా లేదు. ఇంటద్దె, ప్రయాణ భత్యం, కమీషన్ లాంటి కొన్నింటిని వేతనంలో కలపరు. ఇలా పక్కన పెట్టినవి మొత్తంలో సగం దాటితే, దాటిన మేర తిరిగి వేతనంలో కలపాలి. అంతే. జీతం విడగొట్టే తీరు యజమాని ఇష్టమే, లెక్క మాత్రం చట్టం చెప్పినట్టు.

నెలకు 40,000లో బేసిక్, డీఏ 14,000, మిగతా 26,000 ఇలా పక్కన పెట్టే రకం అలవెన్సులు అనుకుందాం. సగం అంటే 20,000. దాటింది 6,000. దాన్ని కలిపితే వేతనం 20,000. పీఎఫ్ ఇదివరకు 14,000 మీద 1,680 పోయేది. కంపెనీ 15,000 పరిమితి మీదే కడితే ఇప్పుడు 1,800, అంటే చేతికొచ్చేది 120 రూపాయలే తగ్గింది. పరిమితి లేకుండా పూర్తి వేతనం మీద కట్టే కంపెనీ అయితే 2,400, తగ్గేది 720. చట్టబద్ధ పరిమితి మీదే పీఎఫ్ కడుతున్నచోట చేతికొచ్చే జీతం తగ్గదని కేంద్ర కార్మిక శాఖ 2025 డిసెంబర్‌లో చెప్పింది. ఇప్పటికే 15,000 మీద కట్టేవాళ్ల విషయంలో అది పూర్తిగా నిజం. బేసిక్‌ను అంతకంటే కిందికి నొక్కిపెట్టిన చోట కొంచెం తేడా పడుతుంది.

అసలు మార్పు గ్రాట్యుటీలో. ఐదేళ్లకు 14,000 మీద సుమారు 40,400 వచ్చేది, 20,000 మీద సుమారు 57,700 వస్తుంది. చిన్న యజమానులు ఇది ఒక్కసారిగా పడిన భారమంటున్నారు. నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వచ్చింది కాబట్టి వాళ్ల ఆందోళనలో అర్థముంది. కార్మిక సంఘాల వాదన ఇంకోలా ఉంది: పీఎఫ్ ఎగ్గొట్టడానికే ఇన్నేళ్లూ జీతాన్ని స్పెషల్ అలవెన్సు, ఆ అలవెన్సు, ఈ అలవెన్సు అని ముక్కలు చేశారు, ఇది కొత్త భారం కాదు, పాత బాకీ. ఇందులో బలముంది. అందరికీ ఒకేలా ఇచ్చే స్పెషల్ అలవెన్సును పీఎఫ్ లెక్కలో కలపాల్సిందేనని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఇక పాతికేళ్ల కుర్రాడికి ముప్పై ఏళ్ల తర్వాతి పీఎఫ్ కన్నా ఈ నెల ఈఎంఐ ముఖ్యం. అతని మాటనూ కొట్టిపారేయలేం.

‘కన్సల్టెంట్’గా చూపిస్తే

ఈ కాగితాల బాధ తప్పించుకోవడానికి హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ చిన్న కంపెనీల్లో కనిపించే దారి ఒకటుంది. ఉద్యోగిని కన్సల్టెంట్‌గా రాసుకుని, వృత్తి నిపుణుల ఫీజుకు వర్తించే 194 జే కింద 10 శాతం కోసి మిగతాది ఇచ్చేయడం. పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు, లెటర్ లేదు.

నెలకు 60,000 అయితే 6,000 కోస్తారు, ఏడాదికి 72,000. అదే ఉద్యోగిగా ఉంటే 7,20,000 మీద కొత్త విధానంలో టీడీఎస్ సున్నా. కన్సల్టెంట్‌కూ చివరికి పన్ను ఉండకపోవచ్చు, కానీ ఆ 72,000 రీఫండ్ వచ్చేదాకా ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. పైగా యజమాని పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ రెండూ పోతాయి. నిజంగా నలుగురైదుగురు క్లయింట్లకు పనిచేసేవాళ్లకు ఈ ఏర్పాటే సరైనది, సగం ఆదాయం మీదే పన్ను లెక్కగట్టే సౌలభ్యం కూడా కొన్ని వృత్తులకు ఉంది. తొమ్మిదింటికి వచ్చి, సెలవుకు అనుమతి అడిగి, ఒకే మేనేజర్ కింద పనిచేసే మనిషి విషయంలో మాత్రం కాగితం మీద రాసిన పేరును కోర్టులు పట్టించుకోవు. పని ఎవరు చెబుతున్నారు, ఎవరు అదుపు చేస్తున్నారు అన్నదే చూస్తాయి.

కోసిన డబ్బు కట్టకపోతే ఎవరు బాకీ

కోసిన టీడీఎస్ మరుసటి నెల 7వ తేదీలోగా, మార్చిది ఏప్రిల్ 30లోగా కట్టాలి. మూడు నెలలకోసారి జీతాల టీడీఎస్ లెక్క చూపే 24 క్యూ రిటర్న్ వేయాలి. రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 200 చొప్పున, కోసిన పన్ను మొత్తం మించకుండా ఫీజు పడుతుంది. అసలు కోయకపోతే నెలకు 1 శాతం వడ్డీ, కోసి కట్టకపోతే 1.5 శాతం. కోయడం మర్చిపోవడం కన్నా కోసి వాడుకోవడం పెద్ద తప్పని చట్టం అలా చెప్పింది.

పీఎఫ్, ఈఎస్‌ఐలలో ఇంకాస్త గట్టిగా ఉంటుంది. ఆ నెల జీతంలో ఉద్యోగి వాటా కోయకపోతే, తర్వాత కోస్తానంటే మామూలుగా కుదరదు, యజమాని జేబులోంచే పెట్టుకోవాలి. ఉద్యోగి దగ్గర కోసిన వాటాను గడువు దాటాక కడితే దాన్ని ఖర్చుగా చూపించే హక్కు కూడా పోతుందని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్ 12న చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో తేల్చింది. 1961 చట్టం కింద ఒక్క రోజు ఆలస్యమైనా ఆ మొత్తం మీద ఆదాయపు పన్ను కట్టాల్సి వచ్చేది.

ఇక ఉద్యోగి వైపు. పే స్లిప్‌లో టీడీఎస్ కోసినట్టుంది, మన పాన్ మీద జమైన పన్నును చూపే 26 ఏఎస్‌లో మాత్రం కనిపించడం లేదు. అంటే యజమాని కట్టలేదు, లేదా కట్టి రిటర్న్‌లో ఆ పాన్ కింద చూపించలేదు. కంప్యూటర్ ఉద్యోగికే బాకీ నోటీసు పంపిస్తుంది. కానీ పన్ను కోసినంత మేర ఉద్యోగిని మళ్లీ కట్టమని అడగకూడదని 1961 చట్టం 205వ సెక్షన్ చెప్పింది. అలాంటి బాకీని ఉద్యోగి నుంచి బలవంతంగా వసూలు చేయొద్దని సీబీడీటీ 2015లో, మళ్లీ 2016లో అధికారులకు రాసింది. ఆ రక్షణ కావాలంటే కోత జరిగిందని ఉద్యోగి చూపించగలగాలి. కోసిన పన్నుకు సర్టిఫికెట్ అయిన ఫారం 16 ఇవ్వని యజమాని దగ్గర పనిచేసినవాళ్లకు అందుకు మిగిలేవి నెలనెలా తీసి దాచుకున్న పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, మొదటి రోజు చేతికిచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్.